పేగు హార్మోన్లు, ఊబకాయం, షుగర్: ఒక ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం.

ముందుగా ఒక ప్రయోగం గురించి చెబుతాను. ఒక మనిషి చేత గ్లూకోజు నీళ్లు తాగించారు. కొన్ని నిమిషాలకోసారి రక్తం తీసి, బ్లడ్ షుగర్ ఎంత పెరిగిందో, ఇన్సులిన్ ఎంత వచ్చిందో రాసుకున్నారు. ఇంకో రోజు అదే మనిషికి నోటితో ఏమీ ఇవ్వకుండా గ్లూకోజుని సెలైన్‌లా రక్తనాళంలోకి ఎక్కించారు. మొదటి రోజు ఏ నిమిషానికి రక్తంలో షుగర్ ఎంత ఉందో, రెండో రోజూ ఆ నిమిషానికి సరిగ్గా అంతే ఉండేలా చుక్కల వేగాన్ని సర్దుతూ ఎక్కించారు. అంటే క్లోమానికి, మనం పాంక్రియాస్ అంటున్నదానికి, రెండు రోజులూ కనబడిన షుగర్ ఒకటే. ఇన్సులిన్ కూడా ఒకేలా రావాలి కదా? రాలేదు. నోటితో తాగిన రోజు రెండు మూడు రెట్లు ఎక్కువ వచ్చింది.

1964లోనే లండన్‌లో మెకింటైర్ బృందం, అమెరికాలో ఎల్రిక్ బృందం ఈ తేడాని విడివిడిగా గమనించాయి. ఇప్పుడు నేను చెప్పిన కచ్చితమైన పద్ధతిలో 1986లో జర్మనీలో మైకేల్ నౌక్ బృందం షుగర్ ఉన్నవాళ్లనీ లేనివాళ్లనీ పోల్చి చూసింది. షుగర్ లేనివాళ్లలో భోజనం తర్వాత వచ్చే ఇన్సులిన్‌లో సగం నుంచి 70 శాతం దాకా పేగు పంపిన కబురు వల్లే వస్తుంది. టైప్ 2 షుగర్, అంటే ఎక్కువమందికి వచ్చే రకం షుగర్ జబ్బు ఉన్నవాళ్లలో ఆ వాటా బాగా పడిపోయింది. పేగు నుంచి క్లోమానికి వెళ్లే ఆ సాయానికి ఇంక్రెటిన్ ప్రభావం అని పేరు. ఈ రోజు నేను చెప్పబోయే ఇంజెక్షన్లు, మాత్రలు, పొట్ట ఆపరేషన్లు, చివరికి కంచంలో ముందు ఏది తినాలన్న విషయం కూడా ఈ తేడా నుంచే పుట్టుకొచ్చాయి.

పేగు హార్మోన్లు తయారు చేస్తుందన్న సంగతి ఇంకా పాతది. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ ఒక కుక్క చిన్నపేగులో ఒక ముక్కకి నరాలన్నీ తెంపేసి, అందులో పలచని ఆసిడ్ పోశారు. నరం లేదు, అయినా క్లోమం నుంచి రసం ఊరింది. అంటే కబురు రక్తంలో వెళ్లింది. ఆ పదార్థానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. శాస్త్రం గుర్తించిన మొట్టమొదటి హార్మోన్లలో అది ఒకటి, పుట్టింది పేగులో. థైరాయిడ్ అనగానే మెడలో ఒక గ్రంథి మనకి గుర్తొస్తుంది. పేగులో అలాంటి గడ్డ ఏదీ ఉండదు. లోపలి పొరలో నూటికి ఒక కణం చొప్పున ఈ హార్మోన్ కణాలు చెదిరి ఉంటాయి. పేగు పొడవంతా కలిపితే శరీరంలో ఇంత పెద్ద హార్మోన్ అవయవం ఇంకోటి లేదు. ఈ కణాల కొస పేగు లోపలికి తెరుచుకుని ఉంటుంది. అక్కడికి వచ్చింది చక్కెరా, కొవ్వా, ప్రొటీనా అన్నది పసిగట్టి, వెనకవైపు నుంచి రక్తంలోకి, పక్కనున్న నరాల కొసలకి హార్మోన్ వదులుతుంది.

ఇప్పుడు మధ్యాహ్న భోజనం వెంట నోటి నుంచి పేగు చివరి దాకా వెళ్దాం.

పన్నెండున్నర అయింది, ఆకలేస్తోంది. ఆ సమయానికి జీర్ణాశయం పైభాగం గ్రెలిన్ అనే హార్మోన్ వదులుతూ ఉంటుంది. 1999లో జపాన్‌లో కొజిమా, కంగావా దీన్ని కనిపెట్టారు. ఆకలిని పెంచుతుందని తేలిన పేగు హార్మోన్ ప్రధానంగా ఇదే, మిగతావాటిలో చాలావరకు ఆకలిని తగ్గించేవే. భోజనానికి ముందు ఇది పెరుగుతుంది, తిన్నాక గంటలోపు పడిపోతుంది. రోజూ ఒకే వేళకి తినేవాళ్లలో ఆ వేళకే పెరగడం అలవాటవుతుంది. అందుకే వేళ తప్పించిన మొదటి రోజుల్లో ఆకలి అంత గట్టిగా ఉంటుంది. ప్రొటీనూ పిండిపదార్థమూ తిన్నాక గ్రెలిన్ బాగా తగ్గుతుంది, కొవ్వు తిన్నాక అంతగా తగ్గదు.

తిన్నది జీర్ణాశయంలో కలిసి కొంచెం కొంచెంగా చిన్నపేగు మొదటి భాగంలోకి, అంటే డుయోడినమ్‌లోకి, దిగుతుంది. అక్కడ ఐ కణాలున్నాయి. కొవ్వు, ప్రొటీన్ తగలగానే అవి సీసీకే అనే హార్మోన్ వదులుతాయి. గాల్ బ్లాడర్ ముడుచుకుని పైత్యరసం పంపేదీ, క్లోమం ఎంజైములు వదిలేదీ, జీర్ణాశయం తలుపు కాస్త మూసుకునేదీ దీనివల్లే. 'ఈ పూటకి చాలు' అన్న మొదటి కబురు కూడా పేగుని మెదడుతో కలిపే వేగస్ నాడి ద్వారా ఇదే మెదడుకి పంపుతుంది. అదే చోట కె కణాలున్నాయి. అవి గ్లూకోజు, కొవ్వు చూసి జీఐపీ వదులుతాయి. ఇన్సులిన్ పెంచే రెండు ముఖ్య హార్మోన్లలో అది ఒకటి.

రెండోది జీఎల్‌పీ-1. దీన్ని వదిలేవి ఎల్ కణాలు. ఇవి చిన్నపేగు చివరి భాగంలో, పెద్దపేగులో ఎక్కువ. పై భాగంలోనూ కొన్ని ఉంటాయి కాబట్టి తినడం మొదలుపెట్టిన పది పదిహేను నిమిషాలకే జీఎల్‌పీ-1 పెరగడం కనిపిస్తుంది. ఇది చేసే పనులు నాలుగు. షుగర్ ఎక్కువగా ఉన్నప్పుడు మాత్రమే ఇన్సులిన్ పెంచుతుంది. 'ఉన్నప్పుడు మాత్రమే' అన్నమాట గుర్తుపెట్టుకోండి, మందుల దగ్గర మళ్లీ దానితో పని పడుతుంది. క్లోమంలోనే పుట్టే గ్లూకగాన్ అనే ఇంకో హార్మోన్‌ని తగ్గిస్తుంది. కాలేయం నిల్వ ఉన్న గ్లూకోజుని రక్తంలోకి వదలడానికి కారణం ఆ గ్లూకగానే. జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది, దాంతో అన్నంలోని గ్లూకోజు ఒక్కసారిగా కాక నింపాదిగా రక్తంలోకి వస్తుంది. నాలుగోది, మెదడులో ఆకలి, తృప్తి చూసుకునే చోట్ల, అంటే మెదడు కాండం, హైపోథాలమస్‌లలో, తృప్తి సంకేతాన్ని బలపరుస్తుంది. ఎల్ కణాలే పీవైవై అనే ఇంకో హార్మోన్ కూడా వదులుతాయి. అది భోజనం తర్వాత గంటల తరబడి ఆకలిని అణిచి ఉంచుతుంది.

ఇంత పని చేసే జీఎల్‌పీ-1 రక్తంలో బతికేది ఒకటి రెండు నిమిషాలే. డీపీపీ-4 అనే ఎంజైమ్ దాని మొదట్లో రెండు అమైనో ఆమ్లాలు కత్తిరించి పారేస్తుంది. పేగు దాటి, కాలేయం దాటి, రక్తమంతటికీ చేరేసరికి పదో వంతు నుంచి పదిహేను శాతం దాకా మాత్రమే చెక్కుచెదరకుండా మిగులుతుంది. అందుకే అది పేగు దగ్గరి వేగస్ నాడి కొసల ద్వారా కూడా చాలా పని నడిపిస్తుంది.

ఊబకాయంలో ఈ వ్యవస్థకి ఏమవుతుందో చూద్దాం. భోజనం తర్వాత జీఎల్‌పీ-1, పీవైవై పెరగడం చాలామందిలో మందగిస్తుంది. భోజనం తర్వాత గ్రెలిన్ తగ్గాల్సినంత తగ్గదు. అంతకన్నా ముఖ్యం, బరువు తగ్గాక జరిగేది. 2011లో మెల్‌బోర్న్ పరిశోధకులు 50 మందిని చేర్చుకుని, పది వారాలు చాలా తక్కువ కేలరీల ఆహారం ఇచ్చారు. సగటున 13 కిలోలకు పైగా తగ్గారు. గ్రెలిన్ పెరిగింది, పీవైవై, సీసీకే, కొవ్వు కణాల్లో పుట్టే తృప్తి హార్మోన్ లెప్టిన్ తగ్గాయి, ఆకలి పెరిగింది. అది ఊహించిందే. ఏడాది తర్వాత మళ్లీ పరీక్షించారు. చాలామందికి బరువు కొంత తిరిగి వచ్చింది, అయినా హార్మోన్లు మొదటి స్థితికి రాలేదు, ఆకలీ తగ్గలేదు. శరీరం పాత బరువుని తిరిగి సంపాదించుకోవడానికి ఏడాది పైగా పేగు నుంచి ఆకలి కబుర్లు పంపుతూనే ఉంది.

ఇది తెలిసినవాళ్లం ఇంట్లో ఊబకాయంతో ఉన్న పిల్లనో, పిల్లవాడినో, భార్యనో 'నోరు కట్టుకోలేవా' అని అనకూడదు. ఆ మాట ఎన్ని ఇళ్లలో, ఎన్ని క్లినిక్కులలో వినబడుతుందో మీకు తెలుసు. దానివల్ల ఎవరి గ్రెలిన్ తగ్గదు. సిగ్గు పెరిగి, డాక్టరు దగ్గరికి రావడం మానేస్తారు.

షుగర్ విషయానికి వద్దాం. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి వారి ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు దాదాపు 10 కోట్ల 10 లక్షల మంది, షుగర్‌కి ముందు దశలో 13 కోట్ల 60 లక్షల మంది. పొట్ట చుట్టూ ఊబకాయం ఉన్నవాళ్లు నూటికి దాదాపు 40 మంది. మనకి బీఎంఐ, అంటే కిలోల్లో బరువుని మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె, 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. నడుము మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు. టేపు బొడ్డు మట్టాన పెట్టి, ఊపిరి మామూలుగా వదిలాక, పొట్ట లోపలికి లాక్కోకుండా కొలవాలి. ప్యాంటు సైజు చూసి చెప్పేది లెక్కలోకి రాదు, చాలామంది ప్యాంటు పొట్ట కిందికి కట్టుకుంటారు.

టైప్ 2 షుగర్‌లో చెడేది ఇన్సులిన్ ఒక్కటే కాదు. భోజనం చేసినప్పుడు తగ్గాల్సిన గ్లూకగాన్ తగ్గదు. అంటే కంచంలోంచి గ్లూకోజు వస్తున్న సమయంలోనే కాలేయం కూడా గ్లూకోజు వదులుతూ ఉంటుంది. జీఐపీ రక్తంలో మామూలుగానే ఉన్నా క్లోమం దాని మాట వినడం దాదాపు మానేస్తుంది. జీఎల్‌పీ-1 మాట మాత్రం, మోతాదు పెంచి ఇస్తే, ఇంకా వింటుంది. మందులు మొదట జీఎల్‌పీ-1 మీద నిలబడటానికి కారణం ఇదే. షుగర్ కొన్ని వారాలు అదుపులో ఉంటే జీఐపీకి కూడా క్లోమం కొంత స్పందించడం మొదలుపెడుతుంది.

మందుల కన్నా ముందు కంచం. 2015లో న్యూయార్క్‌లో ఒక చిన్న అధ్యయనం చేశారు. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడుతున్న 11 మందికి ఒకే భోజనాన్ని రెండు వరసల్లో పెట్టారు. ఒక రోజు బ్రెడ్డు, నారింజ రసం ముందు, పావుగంట తర్వాత కోడిమాంసం, కూరగాయలు. ఇంకో రోజు తిరగేసి. పిండిపదార్థం చివర్లో తిన్న రోజు అరగంటకి షుగర్ దాదాపు 29 శాతం, గంటకి 37 శాతం, రెండు గంటలకి 17 శాతం తక్కువ. ఆ తర్వాత 2017లో అదే బృందం చేసిన పరీక్షలో ఈ వరసలో జీఎల్‌పీ-1 ఎక్కువ విడుదలైనట్టు కూడా కనబడింది.

మన భోజనానికి దీన్ని ఎలా వర్తింపజేయాలి? మన పద్ధతిలో మొదటి ముద్దలోనే అన్నం ఉంటుంది. పప్పన్నం, కూరన్నం, చారన్నం, పెరుగన్నం, నాలుగు వాయిల్లోనూ అన్నమే. వరస మార్చడమంటే వంట మార్చడం కాదు. కూర ఒక గిన్నె నిండా, అంటే 150 నుంచి 200 గ్రాములు, ముందు ఉత్తగానే తినండి. బీరకాయ, ఆనపకాయ, బెండ, దొండ, చిక్కుడు, గోంగూర, తోటకూర ఏదైనా సరే. బంగాళాదుంప, చేమదుంప, కందని కూర కింద లెక్క వేయకండి. ఆ తర్వాత గట్టిపప్పు ఒక గిన్నె, లేదా రెండు గుడ్లు, లేదా చేప, చికెన్ 100 గ్రాములు. ఒక పది నిమిషాల తర్వాత అన్నం. ఉడికిన అన్నం 150 గ్రాముల్లో దాదాపు 40 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, చాలామందికి ఒక పూటకి ఆ కొలత సరిపోతుంది. పప్పు ఒక గిన్నెలో ప్రొటీన్ ఆరేడు గ్రాములే, రెండు గుడ్లలో 12 గ్రాముల పైమాట. 'పప్పు తింటున్నాం కదా, ప్రొటీన్ అందుతోంది' అనుకునే శాకాహారులు ఈ లెక్క చూసుకోవాలి. నీళ్ల చారుని పప్పు కింద లెక్క వేయడం మన ఇళ్లలో చాలా మామూలు.

ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. కూర ముందు తిని, అన్నం మళ్లీ పాత కొలతే తినడం మొదటిది. వరస వల్ల షుగర్ ఎగబాకడం తగ్గుతుంది, కేలరీలు మాత్రం పెరుగుతాయి, బరువు తగ్గదు. రెండోది, రాగి సంగటి, జొన్న రొట్టె తింటే కొలత అక్కర్లేదనుకోవడం. అవి మంచివే. మెత్తటి పిండి పట్టించి జావ కాచి తాగితే మాత్రం రాగి కూడా షుగర్‌ని త్వరగానే పెంచుతుంది.

తినే వేగం సంగతి. ఒక అధ్యయనంలో 17 మందికి 300 మిల్లీలీటర్ల ఐస్‌క్రీమ్ ఒకసారి ఐదు నిమిషాల్లో, ఇంకోసారి అరగంటలో తినిపించారు. మెల్లగా తిన్న రోజు పీవైవై, జీఎల్‌పీ-1 రెండూ ఎక్కువగా వచ్చాయి. ఇరవై నిమిషాలకన్నా తక్కువలో భోజనం ముగించకండి. రెండో వాయి అన్నం అడిగే ముందు ఐదు నిమిషాలు ఆగండి, ఎల్ కణాలకి కబురు పంపే సమయం ఇవ్వండి.

నిద్ర కూడా. 2004లో షికాగోలో 12 మంది యువకులని రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. గ్రెలిన్ 28 శాతం పెరిగింది, తృప్తినిచ్చే లెప్టిన్ 18 శాతం తగ్గింది, వాళ్లు కోరుకున్నవి ఎక్కువగా తీపి, ఉప్పు, పిండి పదార్థాలు. రాత్రి షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు, అమెరికా వేళలకి హైదరాబాద్‌లో కూర్చుని పనిచేసేవాళ్లు దీన్ని పట్టించుకోవాలి. రాత్రి రెండింటికి వచ్చే ఆకలి బలహీనత కాదు, నిద్ర లేమి.

ఇప్పుడు మందులు. జీఎల్‌పీ-1 రెండు నిమిషాల్లో కరిగిపోతుందని చెప్పాను. దానికి రెండు దారులు కనిపెట్టారు. కత్తిరించే ఎంజైమ్‌ని ఆపడం ఒకటి. కత్తెరకి లొంగని జీఎల్‌పీ-1ని తయారు చేయడం ఇంకోటి.

మొదటి దారిలో వచ్చినవి గ్లిప్టిన్లు. 2006లో సిటాగ్లిప్టిన్, తర్వాత విల్డాగ్లిప్టిన్, లినాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్. పేటెంట్లు ముగిశాక ఇవి మన దగ్గర చౌకయ్యాయి, మెట్‌ఫార్మిన్‌తో కలిపిన మాత్రలుగా మీలో చాలామంది వేసుకుంటూ ఉంటారు. మన సొంత జీఎల్‌పీ-1ని రెండు మూడు రెట్లు పెంచుతాయి, అంతే. షుగర్ కొంత తగ్గుతుంది, బరువు తగ్గదు. ఇది తెలియక 'జీఎల్‌పీ-1 మాత్ర వేసుకుంటున్నా, బరువు తగ్గట్లేదేం' అని అడుగుతారు. ఆ మాత్రకి ఆ పని లేదు.

రెండో దారి అమెరికా ఎడారిలోని గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి దగ్గర దొరికింది. 1992లో జాన్ ఎంగ్ దాని విషంలో ఒక పదార్థాన్ని గుర్తించారు. అది జీఎల్‌పీ-1ని సగం పోలి ఉంది, డీపీపీ-4 దాన్ని కత్తిరించలేదు. దాన్నుంచి వచ్చిన ఎక్సెనటైడ్‌ని 2005లో అనుమతించారు, రోజుకి రెండుసార్లు ఇంజెక్షన్‌గా వేసుకోవాలి. తర్వాత రోజుకోసారి లిరాగ్లుటైడ్. 2017లో వారానికోసారి సెమాగ్లుటైడ్. 2022లో టిర్జెపటైడ్, ఇది జీఐపీ, జీఎల్‌పీ-1 రెండింటి పనీ చేస్తుంది. టిర్జెపటైడ్ 2025 మార్చిలో మన దేశానికి వచ్చింది. బరువుకి వాడే మోతాదులో సెమాగ్లుటైడ్ అదే ఏడాది జూన్‌లో వచ్చింది.

ఎంత తగ్గిస్తాయి? సెమాగ్లుటైడ్ 2.4 మిల్లీగ్రాములతో 68 వారాల్లో సగటున దాదాపు 15 శాతం బరువు. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో 2.4 శాతం. టిర్జెపటైడ్ పెద్ద మోతాదుతో 72 వారాల్లో 21 శాతం దగ్గర. ఇవి షుగర్ లేనివాళ్ల లెక్కలు. షుగర్ ఉన్నవాళ్లలో సెమాగ్లుటైడ్‌తో 9.6 శాతం, టిర్జెపటైడ్ 15 మిల్లీగ్రాములతో 14.7 శాతం. పక్కింటావిడకి తగ్గినంత మీకు తగ్గలేదంటే తప్పు మీది కాకపోవచ్చు. గుండెజబ్బు ఉండి, షుగర్ లేని, అధిక బరువున్న 17,604 మందిలో సెమాగ్లుటైడ్ గుండెపోటు, పక్షవాతం, గుండె కారణపు మరణాలని కలిపి 20 శాతం తగ్గించిందని 2023లో తేలింది. ఇది అందం కోసం వాడే మందు కాదని చెప్పడానికి ఈ అంకె నాకు మిగతా అన్నిటికన్నా ముఖ్యం.

మోతాదు ఎక్కించే పద్ధతి దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. సెమాగ్లుటైడ్ వారానికి 0.25 మిల్లీగ్రాములతో మొదలై, నాలుగేసి వారాలకి 0.5, 1, 1.7, 2.4. టిర్జెపటైడ్ వారానికి 2.5 మిల్లీగ్రాములతో మొదలై, నాలుగు వారాలకి 5, ఆపైన అవసరమైతే 2.5 చొప్పున పెంచుతూ 15 దాకా. మొదటి నెల మోతాదు బరువు తగ్గించడానికి ఇచ్చేది కాదు, మెదడులో వికారం పుట్టించే కేంద్రాన్నీ జీర్ణాశయాన్నీ మందుకి అలవాటు చేయడానికి ఇచ్చేది. మూడో వారానికి 'ఏమీ తగ్గలేదు' అని సొంతంగా రెట్టింపు వేసుకుంటే వాంతులు ఆగవు. వాంతులతో నీరు పోతే కిడ్నీ దెబ్బతింటుంది. బీపీకి నీళ్ల మాత్ర వేసుకునేవాళ్లకి, షుగర్‌కి డపాగ్లిఫ్లోజిన్ అనే, మూత్రంలోకి షుగర్‌ని పంపే మాత్ర వేసుకునేవాళ్లకి, మన ఎండాకాలంలో ఈ ప్రమాదం ఎక్కువ. ఒక రోజంతా నీళ్లు నిలవకపోతే తర్వాతి డోసు కోసం ఆగకుండా డాక్టరుకి ఫోన్ చేయండి.

వికారం తగ్గాలంటే కంచం చిన్నది చేయండి. వేపుళ్లు, బిర్యానీ, నూనె తేలే పచ్చళ్లు మొదటి రెండు నెలలు బాగా తగ్గించండి, జీర్ణాశయం మెల్లగా ఖాళీ అవుతున్నప్పుడు కొవ్వు దాన్ని ఇంకా ఆపుతుంది. కడుపు నిండినట్టనిపించిన ముద్ద దగ్గరే ఆపాలి. 'ఇంకొంచెం వేసుకో' అని బలవంతపెట్టే ఇళ్లలో ఈ సంగతి ముందే చెప్పి ఉంచాలి. మలబద్ధకం వస్తుంది, నీళ్లు, పీచు చూసుకోవాలి. ప్రొటీన్ కిలో బరువుకి రోజుకి 1 నుంచి 1.2 గ్రాములు, కిడ్నీ జబ్బు ఉంటే డాక్టరు చెప్పినంతే. తగ్గే బరువులో పావు వంతు, కొందరిలో అంతకన్నా ఎక్కువ, కొవ్వు కాదు, కండ. అరవై దాటినవాళ్లకి ఆ కండ పోతే మెట్లెక్కడం కష్టమవుతుంది. వారానికి రెండు మూడు రోజులు బరువులతోనో, కుర్చీలోంచి చేతులు పట్టకుండా లేచి కూర్చోవడంతోనో కండకి పని పెట్టాలి. నడక ఒక్కటే సరిపోదు.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇప్పుడు. జీఎల్‌పీ-1 షుగర్ ఎక్కువున్నప్పుడే ఇన్సులిన్ పెంచుతుంది కాబట్టి ఒంటరిగా వాడితే లో షుగర్, అంటే షుగర్ మరీ పడిపోవడం, అరుదు. గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర అలా కాదు, షుగర్ 70 ఉన్నా ఇన్సులిన్‌ని పిండుతూనే ఉంటుంది. మన రాష్ట్రాల్లో గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిపిన మాత్ర చాలా ఎక్కువగా వాడతారు. ఇంజెక్షన్ మొదలుపెట్టి, తిండి సగమై, గ్లిమెపిరైడ్ పాత మోతాదులోనే ఉంటే చెమటలు, వణుకు, స్పృహ తప్పడం. ఇంజెక్షన్ రాసిన రోజే గ్లిమెపిరైడ్ తగ్గించాలా, మానేయాలా అని అడగండి. ఇన్సులిన్ వేసుకునేవాళ్లూ అడగాలి. ఇన్సులిన్‌ని సొంతంగా పూర్తిగా మానేస్తే ఇంకో ప్రమాదం, కొవ్వు కరిగి పుట్టే కీటోన్లు అనే ఆమ్లాలు రక్తంలో పెరుగుతాయి. గ్లిప్టిన్ ఉంటే మానేయవచ్చు, రెండూ కలిపితే అదనపు లాభం లేదు, డబ్బు దండగ.

సెమాగ్లుటైడ్ మాత్ర రూపంలోనూ ఉంది. అది పెప్టైడ్, అంటే అమైనో ఆమ్లాల గొలుసు, జీర్ణాశయం అరిగించేస్తుంది కాబట్టి, దాన్ని పొరలోంచి దాటించే ఒక సహాయక పదార్థంతో కలిపి చేశారు. అయినా ఒంటికి పట్టేది నూటికి ఒక వంతు లోపే. కాబట్టి వేసుకునే తీరులో ఏ తేడా వచ్చినా మందు వృథా. పొద్దున లేవగానే ఖాళీ కడుపుతో, మాత్ర నమలకుండా, విరవకుండా, అరగ్లాసు, అంటే 120 మిల్లీలీటర్లు మించని మంచినీళ్లతో వేసుకోవాలి. తర్వాత అరగంట దాకా కాఫీ, టీ, ఇంకో మాత్ర ఏదీ వద్దు. చెంబెడు నీళ్లు తాగి మాత్ర వేసుకునేవాళ్లకీ, మాత్ర వెనకాలే కాఫీ తాగేవాళ్లకీ అది పనిచేయదు. థైరాయిడ్ మాత్ర కూడా ఖాళీ కడుపుతో వేసుకునేదే. రెండూ కలిపి వేసుకుంటే థైరాయిడ్ మాత్రలోని థైరాక్సిన్ ఎక్కువగా ఒంటికి పడుతుంది. వేళలు డాక్టరుతో మాట్లాడుకుని, ఆరేడు వారాల తర్వాత టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించుకోండి.

ఎవరు వాడకూడదు? మెడ్యులరీ థైరాయిడ్ క్యాన్సర్ అనే అరుదైన రకం తమకి గానీ కుటుంబంలో గానీ ఉన్నవాళ్లు. మామూలు హైపోథైరాయిడ్‌కి ఈ నిషేధం లేదు. పాంక్రియాటైటిస్, అంటే క్లోమం వాపు, వచ్చినవాళ్ల విషయంలో చాలా జాగ్రత్త కావాలి. గర్భం కోరుకునేవాళ్లు సెమాగ్లుటైడ్‌ని కనీసం రెండు నెలల ముందే ఆపాలి. టిర్జెపటైడ్ వాడుతూ గర్భనిరోధక మాత్రల మీద ఆధారపడేవాళ్లు, మొదలుపెట్టాక నాలుగు వారాలు, మోతాదు పెంచిన ప్రతిసారీ ఇంకో నాలుగు వారాలు వేరే పద్ధతి కూడా పాటించాలి, ఆ మాత్ర ఒంటికి సరిగా పట్టదు. ఏళ్ల తరబడి షుగర్ ఎక్కువున్నవాళ్లు మొదలుపెట్టే ముందు కంటి రెటీనా చూపించుకోవాలి. షుగర్ ఒక్కసారిగా పడిపోతే అప్పటికే దెబ్బతిన్న రెటీనా కొంతకాలం ఇంకా చెడవచ్చు.

ఊబకాయానికి చేసే పొట్ట ఆపరేషన్ల గురించి కొద్దిగా. స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయంలో మూడొంతులకి పైగా తీసేస్తారు. గ్రెలిన్ తయారయ్యే పైభాగం అందులో పోతుంది, ఆకలి పడిపోతుంది. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో తిన్నది చిన్నపేగు మొదటి భాగాన్ని తప్పించుకుని త్వరగా కిందికి చేరుతుంది, ఎల్ కణాలు జీఎల్‌పీ-1ని చాలా రెట్లు వదులుతాయి. బరువు ఇంకా తగ్గకముందే కొందరిలో కొద్దిరోజులకే షుగర్ దిగడానికి ఇదొక కారణం, తిండి పడిపోవడం ఇంకో కారణం. ఇదే ఎక్కువై కొందరికి తిన్న రెండు మూడు గంటలకి లో షుగర్ వస్తుంది. బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం చూసుకోవాలి.

ప్రశ్నలు తీసుకుంటాను.

(సభలోంచి: సార్, ఈ ఇంజెక్షన్ ఆపితే బరువు మళ్లీ వస్తుందంటున్నారు, నిజమేనా?)

నిజమేనమ్మా. సెమాగ్లుటైడ్ ఆపేసినవాళ్లని ఏడాది గమనిస్తే తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. మెల్‌బోర్న్ అధ్యయనం చెప్పాను కదా, అదే కారణం. మందు ఉన్నంత కాలం ఆ ఆకలి కబుర్లని అణిచింది, ఆగగానే అవి మళ్లీ వినబడ్డాయి. బీపీ మాత్ర ఆపితే బీపీ పెరిగితే మనం మందుని తప్పుపట్టం. కాబట్టి మొదలుపెట్టే ముందే ఏడాది, రెండేళ్ల ఖర్చు లెక్క వేసుకోండి. సెమాగ్లుటైడ్ పేటెంటు గడువు మన దేశంలో 2026 మార్చి దాకానే. మూడు నెలలకి డబ్బు సమకూర్చుకుని, పెళ్లి లోపు తగ్గాలని మొదలుపెట్టి మానేసేవాళ్లకి కండ పోతుంది, తిరిగొచ్చేది మాత్రం ఎక్కువగా కొవ్వు.

(సభలోంచి: జీఎల్‌పీ-1 సహజంగా పెంచే పొడులు అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, మెంతులు కూడా పనిచేస్తాయంటున్నారు?)

మెంతుల్లో జిగురు పీచు ఉంది, అది గ్లూకోజు పీల్చుకోవడాన్ని మందగిస్తుంది, భోజనం తర్వాతి షుగర్ కొంత తగ్గుతుంది. తినండి. పీచు పెద్దపేగులో పులిసి పుట్టే ఆమ్లాలు ఎల్ కణాలని కొంత ప్రేరేపిస్తాయి కూడా. అయితే ఇంజెక్షన్ ఇచ్చే మోతాదుకీ దీనికీ పోలికే లేదు. మీ సొంత జీఎల్‌పీ-1 రెండు నిమిషాల్లో విరిగిపోతుందన్న లెక్క ఏ పొడితోనూ మారదు. మందు పేరు వాడుకుని అమ్మే పొడి కొనకండి.

(సభలోంచి: మా నాన్నగారు సన్నగా ఉంటారు సార్, షుగర్ 300 దాటుతోంది. ఈ ఇంజెక్షన్ వాడొచ్చా?)

బరువు తగ్గుతున్నారా? తగ్గుతున్నారంటున్నారు. అయితే ముందు ఇది కాదు బాబూ. సన్నగా ఉండి, బరువు కోల్పోతూ, షుగర్ 300 ఉందంటే ఇన్సులిన్ తయారీయే పడిపోయి ఉండవచ్చు. ఒంట్లో ఇన్సులిన్ ఎంత తయారవుతోందో చెప్పే సీ-పెప్టైడ్ పరీక్ష చేయించండి. మూత్రంలో కీటోన్లు చూడండి. జీఎల్‌పీ-1 మందు క్లోమంలో మిగిలిన కణాల చేత పని చేయిస్తుంది, కణాలే లేకపోతే చేయించేదేముంది? ఉన్న కాస్త ఆకలీ చంపి ఇంకా చిక్కిపోయేలా చేస్తుంది. ఆయనకి ఇన్సులిన్ అవసరం కావచ్చు. ఈ వారంలోనే చూపించండి.

(సభలోంచి: నాకు వచ్చే నెల మోకాలి ఆపరేషన్ ఉందండీ. వారం వారం సెమాగ్లుటైడ్ వేసుకుంటున్నాను. ఆపాలా?)

అడిగారు, మంచిదైంది. జీర్ణాశయం మెల్లగా ఖాళీ అవుతుంది కాబట్టి రాత్రి పది నుంచి ఏమీ తినకపోయినా పొద్దున లోపల తిండి మిగిలి ఉండవచ్చు. మత్తు ఇచ్చినప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. సర్జన్‌కి చెప్పడం సరిపోదు, మత్తు డాక్టరుకి విడిగా చెప్పండి. వారం ఇంజెక్షన్ ఒకటి ఆపమంటారా, లేక ముందు రోజంతా ద్రవాహారమే తీసుకోమంటారా అన్నది మీ మోతాదు, వికారం ఉందా లేదా, మందు మొదలుపెట్టి ఎన్నాళ్లైంది చూసి వాళ్లు నిర్ణయిస్తారు. మోతాదు పెంచుతున్న దశలో ఉంటే ప్రమాదం ఎక్కువ. షుగర్ కోసం వాడుతుంటే, ఆపిన వారం షుగర్ ఎలా అదుపు చేయాలో మీ షుగర్ డాక్టరుని కూడా అడగండి. ఆస్పత్రిలో చేరే రోజు కడుపు ఉబ్బరంగా ఉన్నా, వికారంగా ఉన్నా దాచకండి, అల్ట్రాసౌండ్‌తో జీర్ణాశయం ఖాళీ అయిందో లేదో చూడవచ్చు. మందు పేరు, మోతాదు, ఆఖరిసారి వేసుకున్న తేదీ ఒక చీటీ మీద రాసి మీ కేసు షీటులో పెట్టించండి.